పిండిమరకే తిరిగొచ్చే బాణీ

మా పక్చా ఊళ్లో రహస్యాలు కూడా అరిచే చెప్పుకుంటారు. ఊరి వెనక జలపాతం హోరు అలాంటిది. గుళ్లో పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా గొంతెత్తాలి. ఫాదరుగారి చెవిన పడేసరికి బయట మెట్ల మీద ఉల్లిపాయలమ్మే ఆడవాళ్ల చెవిన కూడా పడేది. ఎవరికెన్ని జపాలు శిక్ష పడతాయోనని వాళ్లు పందేలు కాసుకునేవారు. అలాంటి ఊళ్లో నోరు విప్పకుండా తాలూకా దొరను ఏడిపించిన మనిషి ఒక్కడే పుట్టాడు. అతని పేరు మెలితోన్ సుల్కా. గిటారు వాయించేవాడు.

నేను అతని పక్కన రెండో గిటారు. అంటే అతను వాయిస్తున్నప్పుడు తల ఊపుతాను, అతను మొక్కజొన్న కల్లు చిచా తాగడానికి ఆగినప్పుడు వాయిస్తాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం నేను కళ్లారా చూసింది. మిగతా సగం అంతకంటే నిజం.

అప్పట్లో రోడ్డు చట్టమని ఒకటుండేది. ఊళ్లో ప్రతి మగవాడూ ఏడాదికిన్ని రోజులని కూలి లేకుండా రోడ్డు పనికి పోవాలి. మా కొండల్లోంచి సముద్రం దాకా రోడ్డు వేయాలని రాజధానిలో ఎవరో మహానుభావుడు కాగితం మీద గీత గీశాడట. ఆ గీత మా తాలూకాకు వచ్చేసరికి దోన్ ఔరేలియో లసార్తె చేతిలో పడింది. ఆయనే మా తాలూకా దొర. సముద్రం పక్కనుంచి వచ్చిన మనిషి. బూటుకు బురద అంటితే దేశానికే అవమానం జరిగినట్టు చూసేవాడు. వచ్చిన ఏడే ఊరికి ఎదురుగా ఉన్న గుట్ట వాలులో పిండిమర ఒకటి కొని, సున్నం కొట్టించి, పైన ఎర్ర పెంకులు వేయించాడు. ఊరి నడిబొడ్డున నిలబడి ఏ పక్కకు తలతిప్పినా అదే కనిపించేది.

రోడ్డు సముద్రం వైపని మొదలైంది. రెండు కొండలు దాటింది. దాటాక ఏదో మరిచిపోయి వచ్చినట్టు వెనక్కి తిరిగి, పిండిమర గుమ్మం ముందు ఆగింది. అటువైపు నేల మెత్తగా ఉందని దొర చెప్పాడు. ఇంకోవైపునుంచి మొదలుపెట్టాం. అదీ అక్కడికే వచ్చింది. మూడేళ్లలో మూడు దారులు వేశాం, మూడూ పిండిమరకే. సముద్రం ఉన్నచోటే ఉండిపోయింది. గోధుమ బస్తాలు మోసే గాడిదలకు మాత్రం మా తాలూకాలో జరిగినంత సుఖం ఏ దేశంలోనూ జరిగి ఉండదు. సాయంత్రానికి వాటి ముఖాల్లో ప్రభుత్వం మీద కృతజ్ఞత కనిపించేది.

ఇక జలపాతం సంగతి. మా వైపు గిటారు కొన్నవాడు తిన్నగా ఇంటికి పోడు. జలపాతం వెనక ఒక రాతి గూడుంది. గిటారు అందులో పెట్టి, పక్కన గుప్పెడు కోకా ఆకు, నాలుగు చక్కెర బిళ్లలు, ఒక సీసా చెరకు సారా ఉంచి వచ్చేస్తాడు. అక్కడుండే జలకన్య మర్నాటికి దానికి శృతి పెట్టి ఉంచుతుంది. ఆ గిటారు మీద మొదట పలికే బాణీ ఆమెదే. అది పూర్తయ్యేదాకా తీగలు బిగించే బిరడాలను మనిషన్నవాడు ముట్టకూడదు. మా తాత కాలంలో ఒకడు తొందరపడి ముట్టాడట. తెల్లారేసరికి వాడి అయిదు వేళ్లూ ఒకే పొడవుకు వచ్చేశాయి. తర్వాత వాడు గిటారుకు పనికిరాక లెక్కల పంతులుగా చేరాడు.

ఆ ఏడు స్వాతంత్ర్య దినానికి మెలితోన్ కొత్త బాణీ వాయించాడు. దొర మూడు గంటలు ఉపన్యసించి కూర్చున్నాక, జనం కాళ్లు సాగదీసుకుంటున్నప్పుడు మొదలుపెట్టాడు. మాటల్లేవు, వట్టి గిటారు. బాణీ భలే హుషారుగా బయల్దేరింది. పై తీగల మీదికి ఎగబాకింది, ఇంకొక్క అడుగు వేస్తే సముద్రం కనిపిస్తుందేమో అనిపించింది. అంతలో మెల్లగా మెలిక తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగి, ఆరో తీగ మీదికి, ఆ అడుగున ఉండే లావు తీగ మీదికి వచ్చి, బొటనవేలితో ధుమ్మని ఆగింది. మళ్లీ ఇంకో దారిన బయల్దేరింది. మళ్లీ ధుమ్. మూడో దారి. ధుమ్.

ఆ చప్పుడేమిటో రాళ్లు మోసిన ప్రతి వీపుకీ తెలుసు. పిండిమర గుమ్మం ముందు రాళ్ల గోతం దించిన చప్పుడది. జనం టోపీలు ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. ఆడవాళ్లు శాలువాల్లో తలలు దూర్చుకున్నారు. నవ్వు బయటికి రాకూడదని నేను నా గిటారును కరిచిపట్టుకున్నాను. ఆ పంటిగాట్లు ఇప్పటికీ ఉన్నాయి.

అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నవాడు దొర. రోడ్డు మీద పాట కట్టారని విని పొంగిపోయి, ప్రతి ఆదివారం పూజ అయ్యాక దాన్ని వాయించాలని హుకుం జారీ చేశాడు. ధుమ్ వచ్చినప్పుడల్లా బూటుతో నేలను తన్ని తాళం కూడా వేసేవాడు. అలా ఆరు ఆదివారాలు తన పిండిమరకు తనే తాళం వేసుకున్నాడు.

ఏడో ఆదివారం ఆయనకు ఒక అనుమానం వచ్చింది. ఇంత మంచి దేశభక్తి బాణీకి జనం కళ్లు తుడుచుకోవాలి గాని పొట్టలెందుకు పట్టుకుంటున్నారని పోలీసు హెడ్డును పిలిచి అడిగాడు. హెడ్డు పేరు బాల్దొమేరో తినేవో. మా ఊరివాడే. అబద్ధం చెబితే తర్వాత దాన్ని గుర్తుపెట్టుకోవాలని, అంత పని తనవల్ల కాదని, పుట్టిన దగ్గర్నుంచీ నిజమే చెబుతూ వచ్చినవాడు. అడిగారు గనక చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నమే మెలితోన్‌ను తాలూకా కచేరీకి పట్టుకొచ్చారు. రెండో గిటారును గనక నన్నూ లాక్కొచ్చి తలుపు పక్కన నిలబెట్టారు. దొర చాలాసేపు మీసం సవరించుకున్నాడు.

“ఈ బాణీలో ఏముందో చెప్పు.”

“తీగలున్నాయి దొరా.”

“అర్థం అడుగుతున్నాను.”

“మాటలుంటే అర్థం ఉంటది దొరా. ఇందులో మాటల్లేవు. ఉన్నా చదివేంత చదువు నాకు లేదు.”

“ఆ ధుమ్ ఏమిటి?”

“అది ఆరో తీగ.”

“అది నా పిండిమరంట.”

మెలితోన్ నేల వైపు చూసి బాగా ఆలోచించాడు. “తమరికి అట్లా వినపడిందా దొరా?” అని ఎంతో మర్యాదగా అడిగాడు.

తలుపు పక్కన తినేవోకు దగ్గొచ్చింది. దొర గుమాస్తాను పిలిచి అప్పటికప్పుడు ఫైలు తెరిపించాడు. దోన్ ఔరేలియో లసార్తె ఆధ్వర్యంలో నిర్మితమవుతున్న జాతీయ రహదారి సదరు లసార్తె గారి పిండిమరకే పోవుచున్నదని, చదువు రాని నిందితుడు ఆరో తీగ ద్వారా మూడు పర్యాయములు సూచించినాడు అని తనే నోటితో చెప్పి రాయించాడు. సంతకం పెట్టి, ఒకటి చాలదని రెండు ముద్రలు వేశాడు. శిక్ష కూడా చెప్పాడు. ఆరు నెలలు రోడ్డు మీద రాళ్లు కొట్టాలి.

మెలితోన్ ముఖం అప్పుడు తెల్లబోయింది. జైలైతే అతను నవ్వుతూ పోయేవాడు. కాని సుత్తి వేరు. మా ఊళ్లో సిప్రియానో అని వయొలిన్ కమ్మగా వాయించేవాడుండేవాడు. మూడు నెలలు సుత్తి పట్టి వచ్చాక అతని వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. ఇప్పుడు ఊరేగింపుల్లో డోలు కొడుతున్నాడు, అదీ అరచేత్తో. మెలితోన్ తన కుడిచేతి గోళ్లను పసిపిల్లల్లా చూసుకునేవాడు. బంగాళాదుంప కూడా భార్య పెత్రోనిలా ఒలిచి పెట్టాల్సిందే. ఆ చెయ్యి వీపు వెనక్కి దాచుకుని, భయంలో నోటికొచ్చింది అనేశాడు. బాణీ తనది కాదు, జలకన్యది. ఆమె ఇచ్చింది, తను వాయించాడు, అంతే.

ఇక్కడే దొర తప్పటడుగు వేశాడు. ఇది తెలివితక్కువ కొండవాళ్ల మాట అని కొట్టిపారేస్తే కథ అక్కడితో అయిపోయేది. కాని గుమాస్తా అలవాటు కొద్దీ ఆ మాటను కూడా ఫైల్లో రాసేశాడు. రాశాక అది ఉన్నట్టే. ఫైల్లో ఇంకో ముద్దాయి పేరు వచ్చాక ఆమెకు మూడుసార్లు సమను అందకుండా శిక్ష అమలు చేస్తే, రేపు జిల్లా దొర తనిఖీకి వచ్చినప్పుడు అక్షింతలు పడతాయి. జిల్లా దొర అక్టోబరులో జపమాల మాత పండగకు రానే వస్తున్నాడు. కాబట్టి గిటారును సాక్ష్యంగా జప్తు చేసి కచేరీలో మేకుకు తగిలించారు. జలకన్యకు సమను రాశారు. తండ్రి పేరు దగ్గర తెలియదని, వృత్తి దగ్గర శృతి అని రాశారు.

తినేవో మొదటిసారి జలపాతం ముందు నిలబడి సమను పైకి చదివాడు. తన గొంతు తనకే వినపడలేదని, కాగితం తడిసి ముద్దయిందని తిరిగొచ్చి నివేదించాడు. రెండోసారి వట్టిచేతులతో పోతే మర్యాద కాదని, ప్రభుత్వం తరఫున కోకా ఆకు, చక్కెర బిళ్లలు పట్టుకుపోయాడు. బిళ్లలు తీసుకున్నారు, సంతకం పెట్టలేదు అని రాసుకొచ్చాడు. దొర ఆ కాగితాన్ని కూడా ఫైల్లో కుట్టించాడు.

మూడోసారి పోతుంటే ఊరి చివర పెత్రోనిలా ఎదురొచ్చింది. ఆమె తినేవోకు జ్ఞానతల్లి. జ్ఞానస్నానం నాడు వాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ మనిషి.

“ఏరా బాల్దొమేరో, మీ జ్ఞానతండ్రి చేతికి సుత్తి ఇస్తావంట గదా.”

“నేనియ్యనమ్మా. గవర్నమెంటు ఇస్తది.”

“నీళ్లు పోసిననాడు నువ్వు కెవ్వుమని ఏడుస్తుంటే గిటారు వాయించి ఊరుకోబెట్టింది గవర్నమెంటేనా?”

ఆమె వాడి సంచీలో వేయించిన మొక్కజొన్నలు పోసి, చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పింది. మా ఊరి చరిత్రలో గుసగుసగా చెప్పిన మాట అదొక్కటే. అందుకే అదేమిటో నాకు తెలియదు.

తిరిగొచ్చి తినేవో నిలువుగా సెల్యూట్ కొట్టి చెప్పాడు. జలకన్య నోటితో సాక్ష్యం ఇవ్వదు, ఆమెకు తెలిసిన పద్ధతి ఒకటే. గిటారును గూట్లో పెట్టాలి. మళ్లీ శృతి పెట్టి ఇస్తుంది. అదే ఆమె వాంగ్మూలం. దొర మొదట మండిపడ్డాడు గాని, కాస్త ఆలోచించాక ఆయన ముఖం విప్పారింది. శృతి మారితే బాణీ మారుతుంది. మారిన బాణీని జిల్లా దొర ముందు వాయిస్తే తన రోడ్డుకు మెప్పు. మారకపోతే సుత్తి ఎలాగూ ఉంది. మెలితోన్ మధ్యలో ఏ మాయా చేయకుండా, గూట్లోంచి తీయగానే తినేవో దాన్ని దుప్పట్లో చుట్టి లక్కముద్ర వేసి తేవాలని, పండగనాడు అందరి ముందు విప్పాలని, ఆమె ఎలా ఇస్తే అలాగే, బిరడా ముట్టకుండా వాయించాలని ఉత్తర్వు రాశాడు. అంటే మా తాతల నాటి ఆచారాన్నే చట్టం చేశాడు. పాపం, ఆయనకు ఆ సంగతి తెలియదు.

పండగ వచ్చింది. మాత ఊరేగింపు అయ్యాక జనమంతా గుడి ముందు చేరారు. జిల్లా దొర వచ్చాడు. ఎంత లావు మనిషంటే, ఆయన కంచరగాడిద రెండుచోట్ల మోకాళ్ల మీద కూలబడి ప్రార్థన చేసిందని దాన్ని తోలుకొచ్చినవాడే చెప్పాడు. కుర్చీలో కూలబడి, వేయించిన పందిమాంసం పళ్లెం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మెలితోన్ ముందువరుసలో నిలబడ్డాడు. పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. వెనక గోడకు ఆనించి ఒక కొత్త సుత్తి పెట్టి ఉంది. దొర కావాలనే అక్కడ పెట్టించాడు.

తినేవో లక్క పగలగొట్టి దుప్పటి విప్పాడు. గిటారుకు అయిదే తీగలున్నాయి. ఆరోది లేదు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మెలితోన్ గిటారు వైపు చూశాడు, తినేవో వైపు చూశాడు. తినేవో ఆకాశం వైపు చూస్తున్నాడు. దొర మాత్రం దగ్గరికొచ్చి, వంగి, తీగలను వేలితో లెక్కపెట్టుకున్నాడు. లెక్క తేలాక ఆయన ముఖంలో దీపావళి వెలిగిందంటే అది మీకోసం చెప్పే మాట, మా వైపు బాణసంచా అనాలి. పిండిమర తీగే పోయింది. జలకన్య తన పక్షం. ఇక ఈ బాణీ సముద్రానికే పోవాలి, వేరే దారిలేదు.

“ఆ రోడ్డు బాణీయే వాయించు,” అన్నాడు గట్టిగా, జిల్లా దొరకు వినపడేలా. “పూర్తిగా వాయించు.”

మెలితోన్ కూర్చున్నాడు. బాణీ బయల్దేరింది. పై తీగల మీదికి ఎగబాకింది. మెలిక తిరిగింది. ఒక్కొక్క మెట్టే దిగింది. బొటనవేలు అలవాటుగా ఆరో తీగ మీదికి పోయి గాల్లో ఆగింది.

ఏమీ మోగలేదు. జలపాతం తప్ప ఏ చప్పుడూ లేదు. ఆ ఖాళీలో నాలుగు వందల తలలు, ఎవరూ చెప్పకుండానే, ఎదుటి గుట్ట వైపు తిరిగాయి. ఎర్ర పెంకులు ఎండలో మెరుస్తున్నాయి. చూసి, మళ్లీ వెనక్కి తిరిగాయి.

రెండో దారి. వేలు గాల్లో ఆగింది. తలలన్నీ గుట్ట వైపు తిరిగాయి. ఫాదరుగారిది కూడా. భుజాల మీదున్న మాత విగ్రహం కూడా కాస్త తిరిగిందని ఆడవాళ్లంటారు. మోసేవాళ్లు తిరిగితే ఆమె మాత్రం ఏం చేస్తుంది. ఈసారి నిశ్శబ్దానికి జిల్లా దొరకు మెలకువ వచ్చింది.

మూడో దారికి ఆయన తల కూడా అందరితో పాటు తిరిగింది.

“ఆ భవనం ఎవరిది?” అన్నాడు పందిమాంసం నములుతూ.

లసార్తె ఏదో అనబోయి గొంతు సవరించుకున్నాడు. పలికినవాడు తినేవో. అడిగితే నిజం చెప్పడం అతని జబ్బు గదా.

“ఫైల్లో ఉంది సార్,” అని చంకలోంచి తీసి ఇచ్చాడు.

జిల్లా దొర చేతులు తుడుచుకుని, దేశమంతటికీ వినపడేలా తీరిగ్గా చదివాడు. జాతీయ రహదారి సదరు లసార్తె గారి పిండిమరకే పోవుచున్నదని. చదివి, కింద సంతకం దగ్గర వేలు పెట్టాడు.

“ఇది మీ సంతకమేనా?”

“నాదే సార్. కాని అది నిందితుడి మాట.”

“నిందితుడికి చదువు రాదని మీరే రాశారు.”

లసార్తె చెమటలు కక్కుతూ, ఈ మనిషి ఇప్పుడు కూడా ప్రభుత్వాన్ని అవమానించాడని, వెంటనే సుత్తి పట్టించాలని అన్నాడు. జిల్లా దొర మెలితోన్‌ను ఎగాదిగా చూశాడు.

“దేనికి? ఆచోట ఇతనేమీ వాయించలేదు. వాయించనిదానికి శిక్ష వేయడానికి మన దగ్గర చట్టం లేదు. ఇంకా.”

మర్నాడు పొద్దున్నే సముద్రం వైపు రోడ్డు చూసొస్తానని కంచరగాడిద ఎక్కి బయల్దేరాడు. భోజనం వేళకు పిండిమర చేరాడు. అక్కడ రొట్టె తిన్నాడు. రొట్టె నచ్చింది, నీటి ప్రవాహం నచ్చింది, ఎర్ర పెంకులు మరీ నచ్చాయి. నెల తిరక్కుండా లసార్తెను మా కొండల్లో బరువులు మోసే లామాలు కూడా మేతకు పోని చోటికి బదిలీ చేశారు. పిండిమర జిల్లా దొర అల్లుడి పేరు మీదికి మారింది. మేమంతా ధర్మం గెలిచిందని మూడు రోజులు చిచా తాగాం. నాలుగో రోజు మళ్లీ రోడ్డు పనికి పిలుపొచ్చింది.

మెలితోన్ వేళ్లు మాత్రం దక్కాయి. ఆ రోజు ఇంటికెళ్లి పెత్రోనిలా ముందు కుడిచెయ్యి చాపి, ఒక్కొక్క గోరూ లెక్కపెట్టించుకున్నాడు. ఆమె లెక్కపెట్టి, బంగాళాదుంపల బుట్ట తెచ్చి ఒళ్లో పెట్టింది.

“ఇంక ఈ చేతికి భయం లేదు గదా. ఒలువు,” అంది.

తీగ సంగతి అడుగుతారు మీరు. ఆమె తీసుకుందని ఊరంతా అన్నారు, నేనూ అన్నాను. చాలా ఏళ్ల తర్వాత తినేవో ఉద్యోగం మానేసి అరుగు మీద ఎండలో కూర్చున్నప్పుడు, అతని మెడలో మాత పతకం ఒక లావు తీగకు వేలాడుతూ కనిపించింది. ఎక్కడిదని అడిగాను. జలకన్య ఇచ్చిందన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు గనక ఊరుకున్నాను.

మెలితోన్ ఆ తీగను మళ్లీ వేయలేదు. ఆ తర్వాత వచ్చిన దొర రోడ్డును తన సున్నపు బట్టీ వైపు తిప్పాడు. మెలితోన్ అయిదో తీగ విప్పేసి, ఆ బాణీనే బట్టీ దగ్గర ఆపాడు. జనం తలలు అటు తిరిగాయి. దాని తర్వాతి దొర సారా కార్ఖానా పెట్టాడు, నాలుగో తీగ పోయింది. ఆ తర్వాతి దొర చాలా నిజాయితీపరుడు, రోడ్డును తన మామగారి తోటకు తిప్పాడు. మెలితోన్ చనిపోయే నాటికి గిటారుకు రెండు తీగలు మిగిలాయి. ఆ రెంటి మీదా అతను వాయిస్తుంటే, మోగేదానికంటే మోగనిది ఎక్కువ వినపడేది. పొరుగు ఊళ్లనుంచి జనం ఆ నిశ్శబ్దం వినడానికి గాడిదలెక్కి వచ్చేవారు.

ఆ గిటారు ఇప్పుడు మా ఇంట్లో మేకుకు ఉంది. మధ్యలో ఇంకో దొర వచ్చిపోయాడు గనక ఒక్కటే తీగ మిగిలింది. సముద్రాన్ని మా ఊరివాళ్లెవరూ ఇంకా చూడలేదు. పోయిన నెల కొత్త దొర దిగాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు, పిల్లల తలలు నిమురుతాడు. ఈసారి రోడ్డు తిన్నగా సముద్రానికేనని గుడి ముందు మాట ఇచ్చాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి ఆ ఒక్క తీగ బిరడాను కాస్త వదులు చేసి పెట్టుకున్నాను.